ధ్యాసకు లోతు తెలుసా?

మనిషి ధ్యాస ఎలా పనిచేస్తుందో చెప్పే ప్రయోగాల్లో అధికభాగం చదునైన తెర ముందే జరిగాయి. తెర మధ్యలో ఒక చుక్క, దానికి ఎడమనో కుడినో మెరిసే గడి, ఆ గడిలో తళుక్కున కనిపించే గుర్తు, మీట నొక్కడానికి పట్టిన మిల్లీసెకన్లు. ఈ పద్ధతి మనకు చాలా నేర్పింది. అయితే మనం తిరిగే లోకానికి కుడి ఎడమలతో పాటు దగ్గర దూరాలు, అంటే లోతు కూడా ఉంది. వానలో కారు నడిపేవారికి అద్దం మీది చినుకు, ముందు వెళ్తున్న లారీ, దాని పక్కనుంచి తొంగిచూస్తున్న బస్సు దాదాపు ఒకే దిక్కున ఉంటాయి. కంటిలో ఆ మూడింటి బొమ్మలూ ఒకదానినొకటి ఒరుసుకుంటూ పడతాయి. మరి ధ్యాస వాటిలో దేని మీద ఉన్నట్టు?

చదునైన తెర మీద పుట్టిన సిద్ధాంతాలు ఈ ప్రశ్న దగ్గర తడబడ్డాయి. 1980లలోనూ 1990లలోనూ పరిశోధకులు దీని మీద గట్టిగా వాదించుకున్నారు. ఆ వాదనలు చదివినకొద్దీ నాకు బలంగా అనిపించింది ఇది: ధ్యాస మీటర్లలో కొలిచే దూరానికి అంటుకోదు, తలాలకూ (అంటే కంటికి కనిపించే ఉపరితలాలకూ) వస్తువులకూ అంటుకుంటుంది. ఇది ప్రయోగశాల గోడల మధ్య ఆగిపోయే సంగతి కాదు. విమానం దింపేటప్పుడు, కారు నడిపేటప్పుడు ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

ముందుగా కంటి చూపును, ధ్యాసను విడదీసుకోవాలి. ఈ రెండూ ఒకేచోట ఉండాలన్న నియమం లేదు. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చీకట్లో అక్షరాల పట్టికను పెట్టుకుని, వెలుగుతున్న ఒక సూదిరంధ్రం మీద చూపు నిలిపి, విద్యుత్ మెరుపుతో ఆ పట్టికను క్షణకాలం వెలిగించి చూశారు. కన్ను కదలడానికి కూడా వ్యవధి లేనంత చిన్న మెరుపు అది. అయినా మెరుపుకు ముందే ఆయన మనసులో ఎంచుకున్న భాగంలోని అక్షరాలు చదవగలిగారు, మిగతావి చదవలేకపోయారు. చూపు ఒకచోట, ధ్యాస మరోచోట. 1980లో అమెరికన్ మనస్తత్వవేత్త మైకేల్ పోస్నర్ దీన్ని కొలతకు లొంగే ప్రయోగంగా మలిచారు. గుర్తు ఎటువైపు రాబోతోందో సూచన ముందే ఇస్తే, కళ్లు కదపకపోయినా జవాబు త్వరగా వస్తుంది. సూచన తప్పుదారి పట్టిస్తే ఆలస్యమవుతుంది. తేడా కొన్ని పదుల మిల్లీసెకన్లే అయినా మళ్లీ మళ్లీ అదే ఫలితం. దీన్నుంచే ధ్యాసను చీకట్లో తిప్పే టార్చిలైటుతో పోల్చడం వాడుకలోకి వచ్చింది. 1986లో ఎరిక్సన్, సెయింట్ జేమ్స్ ఈ వెలుగు వృత్తం పెద్దదీ చిన్నదీ కూడా కాగలదని, పెద్దదైనకొద్దీ పలుచబడుతుందని చూపారు.

టార్చి పోలికలో ఒక చిక్కు ఉంది. టార్చి కిరణం దారిలో ఉన్నవాటన్నిటినీ వెలిగిస్తుంది. దగ్గరి కొమ్మ, దాని వెనకున్న గోడ రెండూ వెలుగులో తడుస్తాయి. ధ్యాస కూడా అలాగే ఒక దిక్కున ఉన్న సమస్తాన్నీ పట్టుకుంటుందా, లేక ఆ దిక్కులో ఒక దూరాన్ని ఎంచుకుని అక్కడ మాత్రమే నిలుస్తుందా?

కంటి వరకైతే జవాబు తేలిక. స్పష్టమైన చూపు ఉండేది రెటీనా నడుమ ఉన్న చిన్న గుంటలోనే. చేయి చాచి బొటనవేలిని చూస్తే దాని గోరు ఆక్రమించే మేర ఎంతో, ఇంచుమించు అంతే. దగ్గరి వస్తువును చూడాలంటే రెండు కళ్లూ ముక్కువైపు తిరగాలి, కంటి కటకం ఉబ్బాలి. దూరపు వస్తువుకు ఇదంతా తిరగబడాలి. కుడి నుంచి ఎడమకు చూపు గెంతినంత చురుగ్గా ఈ సర్దుబాటు జరగదు. కటకం పూర్తిగా సర్దుకోవడానికి సెకనుకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఆ సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. నలభై దాటినవారి కటకం బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి వారికి డ్యాష్‌బోర్డు మీది దగ్గరి అంకెలు మసకగానే మిగలవచ్చు.

లోతు తెలియడానికి ఉన్న పెద్ద ఆధారం రెండు కళ్ల మధ్య ఎడం. పెద్దవారిలో అది సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ ఎడం వల్ల రెండు కళ్లలో పడే బొమ్మలు కొద్దిగా వేరుగా ఉంటాయి. చూపు నిలిపిన వస్తువుకంటే మనకు దగ్గరగా ఉన్నవి ఒక తీరుగా, దూరంగా ఉన్నవి దానికి వ్యతిరేకంగా జరిగి కనిపిస్తాయి. ఈ తేడాతోనే లోతు పుడుతుందని చార్లెస్ వీట్‌స్టన్ 1838లో, రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మలు చూపే తన స్టీరియోస్కోప్‌తో నిరూపించారు. 1960లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో బేలా యూలెస్ ఇంకా విచిత్రమైనది చూపారు. యాదృచ్ఛికంగా చల్లిన చుక్కల బొమ్మలు రెండు తీసుకుని, ఒకదానిలో నడిమి చుక్కలను కాస్త పక్కకు జరిపారు. విడివిడిగా చూస్తే రెండూ అర్థంలేని చుక్కలే. కుడికంటికి ఒకటి, ఎడమకంటికి ఒకటి చూపిస్తే మధ్యలో ఒక చదరం గాలిలో తేలుతూ కనిపిస్తుంది. వస్తువును గుర్తుపట్టక ముందే మెదడు లోతును లెక్కకడుతోందన్నమాట. రెండు కళ్ల తేడాకు స్పందించే నాడీకణాలను 1967లో పిల్లి మెదడులో కనుగొన్నారు.

లోతు అంత ముందుగా సిద్ధమవుతున్నప్పుడు ధ్యాస దాన్ని వాడుకోకుండా ఉంటుందా? 1980లో ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ గెలాడ్ ఒక ప్రసిద్ధమైన సిద్ధాంతం ప్రతిపాదించారు. పచ్చని గీతల మధ్య ఒక ఎర్రని గీత ఇట్టే కంటపడుతుంది. కానీ ఎర్రని అడ్డగీతలు, పచ్చని నిలువు గీతలు కలగలిసిన గుంపులో ఒక ఎర్రని నిలువు గీతను వెతకాలంటే ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి. రెండు లక్షణాలను జోడించడానికి ధ్యాస కావాలి, గుంపు పెరిగినకొద్దీ వెతుకులాట సాగుతుంది. 1986లో కెన్ నకయామా, జెరాల్డ్ సిల్వర్‌మన్ ఈ రెండు లక్షణాల్లో ఒకదాన్ని లోతుగా మార్చి చూశారు. రంగూ లోతూ కలిసిన లక్ష్యాన్ని, కదలికా లోతూ కలిసిన లక్ష్యాన్ని వెతకమన్నారు. గుంపు ఎంత పెరిగినా వెతకడానికి పట్టే సమయం పెరగలేదు. చూసేవారు ముందు తలాన్నొకసారి, వెనక తలాన్నొకసారి పూర్తిగా పక్కకు తీసి చూడగలిగినట్టే ప్రవర్తించారు. లోతు మిగతా లక్షణాల్లాంటిది కాదని, అది దృశ్యాన్ని పొరలుగా విడదీస్తుందని ఇది చెప్పింది.

సూచన ఇచ్చి కొలిచే ప్రయోగాలు మాత్రం అంత సూటిగా తేలలేదు. 1985లో డౌనింగ్, స్టీవెన్ పింకర్ నిజమైన దీపాలను వేర్వేరు దూరాల్లో అమర్చి పరీక్షిస్తే, సూచించిన దూరంలో కాక మరో దూరంలో దీపం వెలిగినప్పుడు స్పందన ఆలస్యమైంది. అంటే ధ్యాసకు లోతు తెలుసు. 1996లో గిరార్డెలీ, ఫోక్ స్టీరియో తెర మీద ఇలాంటిదే చేస్తే అదనపు ఆలస్యం కనిపించలేదు. ధ్యాస లోతు విషయంలో గుడ్డిదని వారు ప్రకటించారు. మరుసటి ఏడాదే ఆచ్లీ, క్రేమర్, ఆండర్సన్, థేవెస్ దాదాపు అదే శీర్షికతో దానికి ఎదురు వ్యాసం రాశారు. వారి ప్రకారం ధ్యాసకు లోతు తెలుసు.

రెండు బృందాలూ నిజాయితీగా కొలిచినవే. తేడా దృశ్యంలో ఉంది. తెర మీద ఒకే ఒక్క లక్ష్యం ఉన్నప్పుడు దాన్ని పట్టుకోవడానికి లోతును లెక్కలోకి తీసుకోవలసిన అవసరం మెదడుకు లేదు, దిక్కు తెలిస్తే చాలు. చుట్టూ పోటీపడే గుర్తులు ఉన్నప్పుడు లోతు అక్కరకొస్తుంది, అప్పుడు ధ్యాస ఒక పొర మీద నిలుస్తుంది, పొర మారాల్సి వస్తే ఆలస్యం కనిపిస్తుంది. ఈ వివరణ నాకు సబబుగా తోస్తుంది. అవసరం లేని చోట లోతును పట్టించుకోకపోవడం లోపం కాదు, పొదుపు. మనం ఉండే చోట్లు ఖాళీ తెరల్లాంటివి కావు కాబట్టి రోజువారీ జీవితంలో ధ్యాస లోతెరిగి నడుస్తుందనుకోవడమే న్యాయం.

ఇంతవరకూ పొర అంటే ఒక దూరం అన్నట్టే మాట్లాడుకున్నాం. ఆ భావనను జిజియాంగ్ హె, నకయామా 1990లలో చేసిన ప్రయోగాలు కదిలించాయి. ఈ విషయం మీద జరిగిన పనిలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే. 1995లో వారు చిన్న చిన్న పలకలను మూడు వరుసలుగా, మూడు వేర్వేరు లోతుల్లో అమర్చారు. మధ్య లోతులో ఉన్న పలకల్లో వేరే రంగులో ఉన్నదాన్ని వెతకాలి. పలకలన్నీ తమ వరుస తలంలోనే నిటారుగా అమరి ఉన్నప్పుడు పని తేలిక. ఆ తరువాత పలకల మధ్యబిందువులు అక్కడే ఉంచి, ఒక్కొక్క పలకనూ వాలుగా తిప్పారు. ఇప్పుడు మధ్య వరుసలోని పలకలు అదే దూరంలో ఉన్నా ఒకే తలం మీద ఉన్నట్టు కనిపించవు. వెతకడం కష్టమైంది. దూరం మారలేదు, పలకలను కలిపే తలం చెదిరింది. అంతేకాదు, దగ్గర నుంచి దూరానికి వాలుతూ పోయే ఒకే తలం కనిపిస్తే ధ్యాస ఆ వాలు వెంట సాఫీగా పాకగలదు. లోతు ఎంత మారినా దానికి అడ్డం కాదు.

అంతకుముందు, 1992లో, వీరే ఇంకో గట్టి సాక్ష్యం ఇచ్చారు. ప్రతి చదరానికీ ఆనుకుని ఒక మూలమట్టం (ఇంగ్లిష్ L) ఆకారం ఉంటుంది. వేరే దిశలో ఉన్న మూలమట్టాన్ని వెతకాలి. రెండు కళ్ల బొమ్మల తేడాను సర్ది మూలమట్టాలు చదరాలకు ముందున్నట్టు చూపిస్తే లక్ష్యం వెంటనే దొరికింది. అదే తేడాను తిరగేసి అవి చదరాల వెనకున్నట్టు చూపిస్తే, ప్రతి మూలమట్టమూ ముందున్న చదరం వెనక సగం దాగిన పెద్ద చదరంలా కనిపించడం మొదలైంది. వెతుకులాట నత్తనడక పట్టింది. కంటిలో పడ్డ ఆకారాలు రెండు సందర్భాల్లోనూ అవే. ధ్యాస చేతికి కంటి బొమ్మ ముడిసరుకుగా రాదు. ఏది ముందు, ఏది వెనక, ఏది దేని వెనక దాగి కొనసాగుతోంది అని మెదడు అప్పటికే తేల్చిన తలాలే వస్తాయి.

ఇది రెండు కళ్ల లోతుకే పరిమితం కాదు. 1988లో వి.ఎస్. రామచంద్రన్ నీడలతో చేసిన పని గుర్తు చేసుకోవచ్చు. పైభాగం తెల్లగా, కింది భాగం నల్లగా ఉన్న వృత్తం ఉబ్బుగా, దాన్ని తలకిందులు చేస్తే గుంటగా కనిపిస్తుంది. వెలుగు పైనుంచి వస్తుందని మెదడు అనుకుంటుంది కనుక. గుంటల మధ్య ఒక్క ఉబ్బు ఇట్టే బయటపడుతుంది. అదే తెలుపు నలుపులను కుడి ఎడమలుగా పేరిస్తే ఆ సౌలభ్యం తగ్గిపోతుంది. చదునైన కాగితం మీద కూడా మనం లోతునే వెతుకుతున్నాం. ఒక కన్ను మూసుకున్నా ధ్యాస పొరలు చెదిరిపోకుండా ఉండడానికి ఇదే కారణం. ఒకదానినొకటి కప్పుకోవడం, తల కదిపినప్పుడు దగ్గరివి ఎక్కువగా, దూరపువి తక్కువగా జరగడం, నీడలు అన్నీ కలిసి తలాలను నిర్మిస్తాయి.

ధ్యాస తలాలను పట్టుకుంటుందన్న మాట ఎంత బరువైనదో తెలియాలంటే విమానాల దగ్గరికి వెళ్లాలి. పైలట్ తల వంచి మీటర్లు చూసుకుని, మళ్లీ తలెత్తి రన్‌వేను చూడడంలో సమయం పోతుందని హెడ్-అప్ డిస్‌ప్లే తెచ్చారు. వేగం, ఎత్తు వంటి అంకెలు కళ్ల ఎదుట ఒక పారదర్శకమైన అద్దం మీద తేలుతుంటాయి. ఆ కాంతిని కటకాలతో సమాంతరంగా మలచడం వల్ల అంకెలు చాలా దూరాన ఉన్నట్టే కంటికి తోస్తాయి. కళ్లు లోపలికి తిరగనక్కర్లేదు, కటకం ఉబ్బనక్కర్లేదు. లోతు అంటే దూరమే అయితే ఇక్కడితో సమస్య తీరిపోవాలి.

తీరలేదు. 1980లో నాసా ఏమ్స్ కేంద్రం ఫిషర్, హెయిన్స్, ప్రైస్ చేసిన సిమ్యులేటర్ అధ్యయనాన్ని ప్రచురించింది. అనుభవజ్ఞులైన ఎనిమిది మంది పైలట్లు హెడ్-అప్ డిస్‌ప్లే సాయంతో విమానం దింపుతున్నప్పుడు, హెచ్చరిక లేకుండా మరో విమానాన్ని రన్‌వే మీదికి తెచ్చారు. ఇద్దరికి అది అసలు కనిపించలేదు. విమానం వారి చూపు ఎదుటే ఉంది, అంకెల వెనకే ఉంది, కంటికి అదే దూరంలో ఉంది. అయినా వారి ధ్యాస అంకెల పొరలో ఉండిపోయింది. దీనికి ఐదేళ్ల ముందే ఉల్రిక్ నైసర్, రాబర్ట్ బెక్లెన్ రెండు ఆటల వీడియోలను ఒకదానిపై ఒకటి పరిచి చూపించి, ఒక ఆటను అనుసరించేవారు రెండో ఆటలో జరిగే వింతలను గమనించడం లేదని తేల్చారు. అక్కడా రెండూ ఒకే చదునైన తెర మీదే ఉన్నాయి.

అంకెలు దూరాన ఉన్నా వేరే పొరగా ఎందుకు విడిపోతాయి? విమానం కిందికి దిగుతుంటే రన్‌వే పెద్దదవుతుంది, పక్కలకు విచ్చుకుంటుంది, విమానం ఊగితే అదీ ఊగుతుంది. అంకెలు మాత్రం అద్దంలో ఉన్నచోటే నిలబడి ఉంటాయి. కలిసి కదిలేవి ఒకే వస్తువు, విడిగా కదిలేవి వేరు వస్తువులు అన్నది మెదడు పాటించే చాలా పాత సూత్రం. నాసాలోనే డేవిడ్ ఫోయ్ల్, రాబర్ట్ మెకాన్ బృందం 1990లలో ఈ కీలకాన్ని పట్టుకుని దారి వెతికింది. అంకెలను అద్దం మీద కాకుండా దృశ్యంలోనే నాటినట్టు, దారి పక్కన నిలబెట్టిన బోర్డుల్లా చూపించారు. దగ్గరపడుతుంటే ఆ బోర్డులూ పెద్దవవుతాయి, దారితో పాటే కదులుతాయి. అప్పుడు అంకెలను చదువుతూనే దారిని కూడా బాగా గమనించగలిగారు. ధ్యాస పొర మారాల్సిన పని తప్పింది.

దగ్గర, దూరం అన్న విభజనకు మెదడులో మరో అర్థం కూడా ఉంది, అది చేతికి అందడానికి సంబంధించినది. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరు రోగులు ఎడమవైపు లోకాన్ని పట్టించుకోరు. పళ్లెంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు. గీత మధ్యలో గుర్తు పెట్టమంటే బాగా కుడికి జరిగి పెడతారు. 1991లో పీటర్ హాలిగన్, జాన్ మార్షల్ ఒక రోగి గురించి రాశారు. చేతికందే దూరంలో గీత పెడితే ఆయన కుడికి జరిగిపోయేవారు. అదే గీతను రెండు మీటర్లకు పైగా దూరాన పెట్టి కాంతి గుర్తుతో మధ్యను చూపించమంటే దాదాపు సరిగ్గానే చూపారు. కొన్నేళ్లకు దీనికి వ్యతిరేకమైన రోగులు కూడా కనిపించారు, వారి ఇబ్బంది దూరంలోనే ఎక్కువ.

ఆ దగ్గర అనే హద్దు కొలబద్ద గీసిన గీత కాదు. 2000లో అన్నా బెర్టి, ఫ్రాన్సెస్కా ఫ్రాసినెట్టి ఇలాంటి రోగికే పొడవాటి కర్ర ఇచ్చి దూరపు గీత మధ్యను తాకమన్నారు. కాంతి గుర్తుతో బాగానే చూపిన ఆ రోగి కర్ర పట్టుకోగానే మళ్లీ కుడికి జరిగిపోయారు. కర్ర అందుకోగానే దూరం దగ్గరైంది. 1996లో అత్సుషి ఇరికి బృందం కోతులకు చిన్న కొంకికర్రతో ఆహారం లాక్కోవడం నేర్పినప్పుడు, చేతి చుట్టూ ఉన్న చోటుకు స్పందించే నాడీకణాలు కర్ర పొడవునా స్పందించడం మొదలుపెట్టాయి. దూరాన్ని మెదడు సెంటీమీటర్లలో కాక, తాను అక్కడ ఏం చేయగలదన్న లెక్కలో పట్టుకుంటుందని నేను నమ్మడానికి ఇదొక పెద్ద ఆధారం.

ఇక ఈ లోతు లేనివారి అనుభవం. అమెరికన్ నాడీశాస్త్రవేత్త సూసన్ బారీ చిన్ననాటి మెల్లకన్ను వల్ల రెండు కళ్లను కలిపి చూడలేకపోయారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో కంటి వ్యాయామాలతో ఆ శక్తి వచ్చింది. అంతకుముందు మంచు కురుస్తుంటే తన ముందెక్కడో ఒక చదునైన తెరలా కనిపించేదని, తరువాత ఒక్కో మంచురేకుకూ తనదైన చోటు ఉన్నట్టు, తాను వాటి నడుమ నిలబడ్డట్టు తోచిందని ఆమె చెప్పారు. దృశ్యం పొరలు పొరలుగా విడిపోవడం ఎంత గొప్ప సౌకర్యమో పుట్టినప్పటి నుంచి అది ఉన్నవారికి తెలియదు.

ఇప్పుడు హెడ్-అప్ డిస్‌ప్లే విమానాల నుంచి కార్లలోకి దిగింది. మన రోడ్ల మీద తిరిగే సాధారణ కార్లలోనూ వస్తోంది. చాలావాటిలో అంకెల బొమ్మ డ్రైవరు కంటికి రెండు మూడు మీటర్ల ముందు, అంటే బానెట్ పైన తేలుతున్నట్టు ఉంటుంది. కొత్త తరం పరికరాలు బాణం గుర్తులను ఇంకా దూరంగా, రోడ్డు మీదే పరిచినట్టు చూపిస్తున్నాయి. ఈ రెండో పద్ధతి ఫోయ్ల్, మెకాన్ చూపిన దారికి దగ్గరగా ఉంది కనుక నాకు మేలనిపిస్తుంది. కానీ బాణం రోడ్డుకు అతుక్కుని, దాని పక్కనే పాట పేరు, ఫోను చేస్తున్నవారి పేరు అద్దంలో కదలకుండా తేలుతుంటే వచ్చిన లాభం పోతుంది. రోడ్డుతో కలిసి కదలనిదేదీ అద్దం మీద ఉండకూడదని, ఉంటే వేగం ఒక్కటే ఉండాలని నా అభిప్రాయం. తలకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ పరికరాల్లో మరో బాధ ఉంది. కళ్లు బొమ్మ చూపే లోతును బట్టి లోపలికీ బయటికీ తిరుగుతాయి, కటకం మాత్రం తెర ఉన్న ఒకే దూరానికి కట్టుబడి ఉండాలి. ఈ లాగులాట వల్ల కంటి అలసట పెరుగుతుందని, చూపు కుదురుకోవడం ఆలస్యమవుతుందని హాఫ్‌మన్, మార్టిన్ బ్యాంక్స్ బృందం 2008లో చూపింది.

ఇలాంటి పరికరాన్ని రోడ్డెక్కించే ముందు అంకెలు ఎండలో ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో, డ్రైవరు వాటిని ఎంత వేగంగా చదివారో కొలిస్తే చాలదు. వాటిని చదువుతున్న క్షణంలో రోడ్డు దాటబోయే మనిషి కనిపించడానికి ఎంత సమయం పట్టిందో కొలవాలి. ఆ పరీక్ష ఒక్కో డ్రైవరుకు ఒక్కసారే, ముందుమాట లేకుండా జరగాలి. ఎందుకంటే రెండోసారి ఆ మనిషి కోసం డ్రైవరు కాచుకుని ఉంటాడు, ధ్యాస ముందే ఆ పొర మీదికి వెళ్లి ఉంటుంది, అప్పుడు వచ్చే అంకె అసలు రోడ్డు గురించి ఏమీ చెప్పదు.